లోపల వదిలిన బట్ట

ఖమ్మం ఖానాపురం హవేలిలో జాకెట్లు కుట్టే దుకాణాలు చాలానే ఉన్నాయి కానీ, కొలతలు తీసేటప్పుడు నోరు మూసుకునే టైలరు మాత్రం ఫ్లోరెన్స్ ఒక్కతే. మిగతావాళ్ళు టేపు చుట్టి అంకె పైకి చదువుతారు. పక్కన ఇంకో మనిషి రాసుకుంటుంది. బెంచీ మీద కూర్చున్న నలుగురూ తమకేమీ వినపడనట్టు గోడకున్న క్యాలెండరు చూస్తారు. ఫ్లోరెన్స్ చదవదు. టేపు చుడుతుంది, చూస్తుంది, చీటీ మీద రాసి మడిచి డబ్బాలో వేస్తుంది. అందుకే కాస్త ఒళ్ళు చేసిన ఆడవాళ్ళంతా నాలుగు దుకాణాలు దాటి మరీ ఆమె దగ్గరికే వచ్చేవారు. టీచరమ్మలు, నర్సమ్మలు, బ్యాంకు ఉద్యోగుల భార్యలు. ఆమె మగపిల్లాడిగా పుట్టిందని వాళ్ళకు తెలియక కాదు. అంకె గడప దాటదన్న భరోసా ముందు ఆ సంగతి చిన్నదైపోయింది.

ఈ మూసిన నోటి వెనక పాత గాయం ఒకటుంది. పందొమ్మిదేళ్ళ వయసులో ఆమె ముదిగొండలో ఇల్లు విడిచి, సంసోను అన్న పేరును కూడా ఆ ఇంట్లోనే విడిచి, వరంగల్లులో ఒక హిజ్రా గురువు ఇంటికి చేరింది. చిన్నప్పుడు జ్వరమొస్తే మిషన్ ఆసుపత్రిలో తల నిమిరిన నర్సు పేరు ఫ్లోరెన్స్. ఆ పేరు పెట్టుకుంది. పెట్టుకున్న వారానికే ఆ పేరు పోయింది. జాకెట్టు కుట్టడానికి వచ్చిన టైలరు మహానుభావుడు ఇంటినిండా జనం ఉండగా టేపు చుట్టి, "నలభై ఆరు" అని అరిచాడు. ఇల్లంతా నవ్వింది. ఆ పూట నుంచి ఆరేళ్ళు ఆమె పేరు అదే. నలభై ఆరూ, నీళ్ళు పట్టు. నలభై ఆరూ, డోలక్ పట్టుకురా. ఆటకు పోయిన చోట సన్నటివాళ్ళు ముందు ఆడేవాళ్ళు, ఈమె వెనక కూర్చుని డోలక్ వాయించేది. ఆడదానిగా బతకడానికి ఊరూ వాడా అమ్మా అందరినీ వదులుకుని వస్తే, ఇక్కడ ఆడతనానికి కూడా ఇంచీల లెక్క పెట్టారేమిటని చాలా రోజులు ఏడ్చింది. ఆరేళ్ళకు ఆ ఇల్లు కూడా విడిచి, ఖమ్మం వచ్చి మిషను నేర్చుకుంది.

ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్విన పిల్ల పేరు జంపక్క. తమాషా ఏమిటంటే, ఇరవై ఏళ్ళు గడిచాక ఖమ్మంలో జంపక్కే ఒక ఇంటికి గురువైంది. ఆమె కింద ఏడుగురు. పెళ్ళిళ్ళకూ పుట్టువెంట్రుకలకూ ఆడే జట్టు నడుపుతుంది. వాళ్ళందరికీ బట్టలు కుట్టేది ఫ్లోరెన్స్.

జంపక్కను చెడ్డమనిషి అంటే నాలుక మీద పుండు లేస్తుంది. రోడ్డున పడ్డ పిల్లలకు అన్నం పెట్టింది. రాత్రనకా పగలనకా పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగి వాళ్ళను విడిపించుకొచ్చింది. కానీ లావు అంటే ఆమెకు గిట్టదు. ఒకసారి ఏదో పెళ్ళిలో ఒక తాగుబోతు, "ఏనుగుల మందను తోలుకొచ్చినవా?" అన్నాడట. ఆ మాట మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి నియమం పెట్టింది. జాకెట్టు కొలత నలభై దాటితే ఆటకు రానక్కరలేదు, బజారులో దుకాణాలు అడుక్కోవాలి. ప్రతి నెలా మొదటి సోమవారం అందరూ పోయి కొలిపించుకోవాలి. కొలిచి చెప్పే పని ఫ్లోరెన్స్‌కు అప్పగించింది. ఫ్లోరెన్స్ వద్దనలేదు. వద్దని ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

రెండువేల ఏడు మే నెలలో సోమ్లి వచ్చింది. చర్ల దారిలో ఒక తండా ఆమెది. ఇంట్లో పెట్టిన పేరు లాలు. సోమ్లి అనేది నాయనమ్మ పేరు. తండా మొత్తంలో తనను కాటుక పెట్టుకోనిచ్చింది ఆ ముసలామె ఒక్కతేనని, ఆమె పోయాక ఆమె పేరు తీసుకుంది. ఇరవై రెండేళ్ళుంటాయి. పోడులో గొడ్డలి పట్టిన చేతులు, వెడల్పాటి భుజాలు, నిండు మనిషి. బడి మొహం చూడలేదు. నవ్వితే మాత్రం దుకాణంలో దీపం పెట్టినట్టుండేది.

తలుపు దగ్గరగా వేసి ఫ్లోరెన్స్ టేపు చుట్టింది. నలభై మూడు.

"ఎంతక్కా?" అంది సోమ్లి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని.

"ఊపిరి వదులు. సచ్చిపోతవ్."

"నలభై లోపల ఉంటెనే ఆటకంట కదా, గురువమ్మ చెప్పింది. లేకుంటే బజారే. మొన్న బజార్ల ఒక సేటు నన్ను చూసి, వీడు మగోడే, చీర కట్టుకొని మోసం చేస్తుండు అని పదిమందిల అన్నడు అక్కా. నా పక్కన ఉన్నోళ్ళు సన్నగున్నరు. వాళ్ళను అనలే. నన్నే అన్నడు." కొంగు వేలికి చుట్టుకుంటూ, "సన్నగైతే ఆడపిల్లంటరు, లావైతే మగోడంటరు. గిదేం లెక్క?" అని అడిగింది.

ఆ లెక్కేమిటో ఫ్లోరెన్స్‌కు ఇరవై ఏళ్ళ నుంచీ తెలియలేదు. ఆమెకు ఆ పూట వరంగల్లు ఇల్లూ, ఆ నవ్వులూ చెవుల్లో మోగాయి. టేపు లాగి చుట్టేస్తూ, "నలభై" అంది.

సోమ్లి ఆమెను గట్టిగా వాటేసుకుంది. అంకెలు చదవడం రాని పిల్ల, టేపు వైపు చూడను కూడా లేదు.

జట్టు కోసం జంపక్క ఆకుపచ్చ సాటిన్ బట్ట ఒక తాను తెప్పించింది. ఫ్లోరెన్స్ సోమ్లి జాకెట్టును నలభై మూడుకు కుట్టి, రెండు పక్కలా లోపల రెండువేళ్ళ వెడల్పున బట్ట వదిలింది. పెరిగే పిల్లల బట్టలకు అట్లా వదులుతారు. హుక్కులు చక్కగా పడ్డాయి. జంపక్క చుట్టూ తిరిగి చూసి, "మనిషి పెద్దగ కనపడ్తుంది గని, కొలతకొచ్చింది. ఒంట్ల బొక్కలు పెద్దయేమో" అని ఊరుకుంది.

ఆ పిల్ల ఆట చూసి తీరాలి. ఒళ్ళంతా కలిసి తిరిగేది, అడుగు వేస్తే గజ్జెలకు ముందే నేల తెలుసుకునేది. పాట ఆగినా జనం చప్పట్లు ఆపేవారు కాదు. కానీ ఆమెకు అది చాలలేదు. "జట్టు నడుమ నిలబడాలంటే ముప్పై ఆరుకు రావాలె" అని జంపక్క ఒక మాట అంది. ఆ మాట పట్టుకుంది సోమ్లి.

జూలై ఆఖర్లో భద్రాచలం సంతలో ఎవడో చాప పరిచి సన్నబడే పొడి అమ్ముతుంటే ఒక డబ్బా కొన్నది. డబ్బా మీద నాగజెముడు ముల్లంత సన్నగా ఒక ఆడమనిషి బొమ్మ. పరగడుపున ఒక చెంచా. ఆగస్టు మొదటి సోమవారం కొలతకు వచ్చినప్పుడు ఆ డబ్బా సంచీలోంచి తీసి చూపించింది. "అమ్మకు చెప్పకక్కా. నవ్వుద్ది."

"ఇవన్నీ నీకెందుకే?" అంది ఫ్లోరెన్స్ టేపు చుడుతూ. నలభై నాలుగు. "జాకెట్టు ఇడిచిపో. హుక్కు ఊగుతుంది, బిగిస్త."

"ఎంతొచ్చింది?"

"నలభై."

సోమ్లి కళ్ళు పెద్దవి చేసింది. "చూసినవా? పోయిన వారం రెండు పెళ్ళిళ్ళల బిర్యాని తిన్న. అయినా పెరగలే. పొడి పనిచేస్తుందక్కా."

ఫ్లోరెన్స్ అక్కడ ఆగవలసింది. నోరు తెరిచింది కూడా. పొడి పనిచేయడం లేదే పిచ్చిదానా, పెరిగినవ్ అనాలి. అంటే మొన్నటి అబద్ధం బయటపడుతుంది, ఈ పిల్ల ముఖం మాడిపోతుంది, జంపక్కకు తెలుస్తుంది, రేపటి నుంచి బజారు. ఇంత ఆలోచించి నోరు మూసుకుంది. సోమ్లి వెళ్ళాక హుక్కు సంగతి వదిలేసి, పక్క కుట్లు విప్పి, పావు ఇంచీ బట్ట బయటికి తీసి మళ్ళీ కుట్టింది. ఎవరికీ తెలియని పని. దారం కూడా అదే రంగు.

సెప్టెంబరులో నలభై అయిదున్నర. ఈసారి చేతులు కూడా బిగుతయ్యాయి. టేపు తీశాక సోమ్లి జబ్బ మీద టేపు ఒత్తిన గీత అట్లాగే ఉండిపోయింది. చెప్పు పట్టీ దగ్గర పాదం మీద కూడా గుంట పడి ఉంది. "కాళ్ళు బరువైతున్నయక్కా, పొద్దున లేస్తే కండ్లు తెరుచుకుంటలేవు" అంది సోమ్లి.

"అంతసేపు నిలబడి ఆడ్తవ్. బరువు కాకేమైతయి?"

"ఎంతొచ్చింది?"

"నలభై."

"గింత కష్టపడ్డా తగ్గుత లేదేంది? ఇగ రెండు పూటలా ఏస్త పొడి."

ఆ రాత్రి ఫ్లోరెన్స్ మళ్ళీ పక్క కుట్లు విప్పి వదులు చేసింది, అన్నం ముందు కూర్చుని లేచింది. ఆదివారం చర్చిలో, తలుపు పక్కన చివరి బెంచీ మీద ఆమె చోటు. ఎవరి పాపాలు వాళ్ళు మనసులో ఒప్పుకోండని పాస్టరుగారు కళ్ళు మూయించినప్పుడు, ఆమె తన పాపాలన్నీ వరసగా చెప్పుకుంది. చాన్నాళ్ళకు మళ్ళీ కలిసిన తల్లి విశ్రాంతమ్మను ఆరు నెలలుగా చూడడానికి పోకపోవడం చెప్పింది. ఒక టీచరమ్మ మీద కోపంతో చీర అంచు వంకరగా కుట్టింది చెప్పింది. సోమ్లి సంగతి దగ్గరికి వచ్చేసరికి, అది పాపం కాదు కదా ప్రభువా, దయ కదా అనుకుని ఆమెన్ అంది. దేవుణ్ణి కూడా నమ్మించబోయింది, అంతటి ఘనురాలు.

దసరా ముందు ఇంకోసారి విప్పింది. నవంబరు మొదటి సోమవారం టేపు నలభై ఏడు చూపించింది. ఆ రోజు కుట్టు విప్పితే లోపల ఇక బట్ట లేదు. అంచు దారాలు మాత్రమే మిగిలాయి. అంచు మీదే కుట్టేసి, ఇక చెప్పాలి అనుకుంది. ఇంతలో జాకెట్టు కోసం తిరిగొచ్చిన సోమ్లి, "గురువారం మా దిక్కే ఆట అక్కా, చర్ల దగ్గర. కాంట్రాక్టరు మనుమని పుట్టువెంట్రుకలు. మా తండోళ్ళు వస్తరు. లాలు ఎటు పోయిండో, సోమ్లి ఎట్లొచ్చిందో చూస్తరు" అంది. ఉబ్బిన కళ్ళతోనే నవ్వింది. గురువారం దాటాక చెబుదాం అనుకుంది ఫ్లోరెన్స్. మనిషి తప్పును వాయిదా వేసుకునే తీరు ఇంతే. ప్రతిసారీ దానికో మంచి కారణం దొరుకుతుంది.

బట్టలు చిరిగితే కుట్టడానికి సూదీదారంతో ఆమె కూడా జట్టుతో బయలుదేరింది. భద్రాచలం దాటాక దారి జీపును కుదిపి కుదిపి వదిలింది. పోలీసు క్యాంపు దగ్గర జవాన్లు అందరినీ దింపి సంచులు చూశారు. అందరూ దిగారు కానీ సోమ్లి దిగలేకపోయింది. కాళ్ళు మడతపడడం లేదు. ఇద్దరు పట్టుకుని దింపి, ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. "పొద్దున పొడి ఎక్కువ ఏసిన, అందుకే అయ్యుంటది" అని ఫ్లోరెన్స్ చెవిలో చెప్పింది. దింపిన చోటనే ఆపేయమని ఫ్లోరెన్స్ మనసు మొత్తుకుంది. సూదీదారం సంచీ సర్దుకుని ఆమె కూడా జీపెక్కింది.

మధ్యాహ్నం పందిట్లో ఆట మొదలైంది. వెనక వరసలో తండా ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని చూస్తున్నారు. సోమ్లి ఒక పాట ఆడింది. రెండో పాటలో చేతులు పైకెత్తి తిరగబోతే జాకెట్టు పక్క కుట్టు చంక నుంచి నడుము దాకా పర్రున చిరిగింది. మగవాళ్ళు ఈలలేశారు. సోమ్లి చిరిగిన పక్కను చేత్తో పట్టుకుని, ఊపిరి అందక, అక్కడే కూలబడింది. పెదవులు నల్లబడ్డాయి.

"తిండి తగ్గియ్యమంటే ఇంటవా?" అని జంపక్క పరిగెత్తుకొచ్చింది, ఆ పెదవులు చూసి జీపు తిప్పమని అరిచింది.

సాయంత్రం నాలుగింటికి భద్రాచలంలో దవాఖానా చేరారు. చిన్న వయసు డాక్టరమ్మ సోమ్లిని ఏ వార్డులో పెట్టాలన్న చర్చ రెండు ముక్కల్లో తేల్చి, ఆడవాళ్ళ వైపే మంచం ఇప్పించింది. కాలు మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది, ఎంతసేపటికీ పూడలేదు.

"ఈ వాపు ఎన్నాళ్ళ నుంచి?"

"వాపు గాదు మేడమ్, ఒళ్ళే అంత" అంది జంపక్క. "నెలనెలా కొలిపిస్త. మొన్న సోమవారం గూడ నలభై దాటలే. కొలిచేది ఈమెనే, అడగండి."

డాక్టరమ్మ ఫ్లోరెన్స్ వైపు చూసింది. "సోమవారం కూడా నలభయ్యేనా? అయితే ఇదంతా ఈ నాలుగు రోజుల్లో వచ్చిన నీరు. అప్పటికప్పుడు వస్తే ఒక వైద్యం, నెలల నుంచి ఉంటే ఇంకో వైద్యం. ఇంకో వైద్యమైతే ఇక్కడ కాదు, ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపాలి. సరిగ్గా చెప్పండి. మందులేమైనా మింగుతుందా?"

సోమ్లి జంపక్క ముఖం చూసి, లేదని తల ఊపింది. ఫ్లోరెన్స్ నేల చూసింది. "నలభయ్యే మేడమ్" అంది.

ఆ మాట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియదు. ఆరు నెలలుగా అలవాటైన మాట, అదే ముందు వచ్చేసింది. పరీక్షలు రాసి, పొద్దున దాకా చూద్దామని డాక్టరమ్మ పక్క మంచానికి వెళ్ళింది.

ఫ్లోరెన్స్ వరండాలో బల్ల మీద కూర్చుంది. నర్సు సోమ్లి ఒంటి మీద నుంచి తీసిన చిరిగిన జాకెట్టును ఆమె చేతికిచ్చి పోయింది. పిల్ల మనసు కష్టపెట్టకూడదనే చెప్పలేదని తనకు తాను చెప్పుకుంది. అబద్ధం. జంపక్క ఏమంటుందోనని భయం. ఏడుగురి ముందు మళ్ళీ నవ్వులపాలవుతానని భయం. అప్పుడెప్పుడో పందొమ్మిదేళ్ళ పిల్లకు జరిగిన అవమానాన్ని ఇంకా మోస్తూ, దానికోసం ఇంకో పిల్లను చంపుకుంటున్నది. లేచి వరండా చివర కుళాయి దగ్గరికి పోయింది. ముఖం కడుక్కుని చేతిలోని జాకెట్టును తిరగేసి చూసింది. సాటిన్‌కు ఒక గుణం ఉంది. ఒకసారి సూది దిగితే ఆ చిల్లు పూడదు. దారం తీసినా చిల్లు ఉంటుంది. చిరిగిన అంచు పక్కన నాలుగు వరసల చిల్లులు, ఒకదాని పక్కన ఒకటి, వాన చినుకుల్లా సన్నగా.

లోపలికి పోయింది. జంపక్క, మిగతావాళ్ళు మంచం చుట్టూ ఉన్నారు. డాక్టరమ్మ చేతిలో చీటీ చూస్తున్నది.

"మేడమ్, నేను అబద్ధం చెప్పిన."

జాకెట్టును కిటికీ వెలుతురుకు పట్టింది. "మొదలు కుట్టింది మే నెలల. నలభై మూడు. ఇది ఆగస్టుల విప్పిన వరస. ఇది సెప్టెంబర్. ఇది దసరా ముందట. ఇది మొన్న సోమవారం, నలభై ఏడు. నెలనెలా పెరుగుతుంటే విప్పి వదులు చేసిన. ఈ పిల్లకు నలభయ్యే అని చెప్పిన. సన్నబడే పొడి కూడ తింటుంది. రెండు పూటలా. నేను చూసిన డబ్బా."

డాక్టరమ్మ ఆ చిల్లుల మీద వేలు పెట్టి ఒక్కొక్క వరసా చూసింది. "నాలుగు నెలల నుంచి మనిషి వాస్తుంటే, మీరు బట్ట వదులు చేస్తూ కూర్చున్నారా?" అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఫ్లోరెన్స్‌కు కొంచెం తేలికయ్యేది.

"ఎంత పని చేసినవే, నలభై ఆరూ" అంది జంపక్క. పదిహేనేళ్ళకు మళ్ళీ ఆ పేరు.

ఫ్లోరెన్స్ ఆ మాటకు ఏడవలేదు. సోమ్లి వైపు చూసింది. సోమ్లి ఆమెనే చూస్తున్నది. ఉబ్బిన రెప్పల సందులోంచి, అర్థం కానట్టు. "అంటే పొడి పనిచేయలేదా?" అని అడిగింది. తర్వాత మెల్లగా గోడ వైపు తిరిగింది.

కిడ్నీలు పాడయ్యాయని, పొడిలో ఏ విషమో కలిపి ఉంటారని, అప్పటికప్పుడు అంబులెన్సులో వరంగల్లు పంపారు. ఫ్లోరెన్స్ ఎక్కబోతే లోపలి నుంచి సోమ్లి, "ఆమె ఒద్దు" అంది. గట్టిగా కూడా అనలేదు. జంపక్క ఎక్కింది. బండి గోదావరి బ్రిడ్జి వైపు మళ్ళే దాకా ఫ్లోరెన్స్ ఆ మెట్ల మీదే నిలబడి ఉంది, చేతిలో ఆకుపచ్చ గుడ్డతో.

తర్వాత మూడు నెలలు ఆమె మిషను తొక్కింది కానీ, ఎవరి కొలతా తీయలేదు. పాత జాకెట్టు తెచ్చిస్తే దాన్ని పెట్టుకుని కుట్టింది. ఆదివారాల్లో పాస్టరుగారు కళ్ళు మూయించినప్పుడు ఇక దయ అన్న మాట వాడలేదు. జంపక్క ఇంటికి కబురు పంపితే, బతికిందని ఒకసారి, ఇంటికొచ్చిందని ఒకసారి జవాబు వచ్చింది. ఒంట్లోంచి నీరంతా దిగిపోయిందట. కిడ్నీలు సగమే పనిచేస్తాయట, మందులు ఎప్పటికీ వాడాలట. ఇంట్లో అందరూ సోమ్లిని నిలబెట్టి చూస్తున్నారని, ఎంత ముద్దొస్తున్నవే అని బుగ్గలు పిండుతున్నారని కూడా తెలిసింది. జంపక్క నియమం ఎక్కడికీ పోలేదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చుని ఉండగా సోమ్లి షేర్ ఆటో దిగింది. ఫ్లోరెన్స్ మొదట పోల్చుకోలేదు. భుజాల ఎముకలు చీరలోంచి కనిపిస్తున్నాయి. మెడ సన్నబడి తల పెద్దదైనట్టుంది. చేతిలో గీతలున్న నీళ్ళసీసా. గడప ఎక్కడానికి తలుపు పట్టుకుంది.

"టేపు ఇయ్యి" అంది.

ఇచ్చింది. సోమ్లి తనకు తానే చుట్టుకుని, తల వంచి, వేలు పెట్టి చూసుకుంది. "మూడు... నాలుగు. ముప్పై నాలుగు. కరెక్టేనా?"

"అవ్" అంది ఫ్లోరెన్స్. "చదువుడు ఎప్పుడు నేర్చుకున్నవ్?"

"నీళ్ళు కొలుచుకొని తాగాలె, దినానికి ఇంతే అని. సీసా మీద అంకెలు నర్సమ్మ నేర్పిచ్చింది." బెంచీ చివర కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది. "అందరు మంచిగున్నవ్ అంటున్నరు. అమ్మ నన్ను నడుమ నిలబెడ్తనన్నది. కూసుంటే లేవనీకి గోడ పట్టుకుంట నేను. అది ఎవ్వరికీ కనపడ్తలే."

"తప్పైంది బిడ్డా" అంది ఫ్లోరెన్స్. మూడు నెలలు కూడబెట్టుకున్న మాటలన్నిట్లోంచి అదొక్కటే వచ్చింది.

సోమ్లి ఆ మాటను అందుకోలేదు, తోసేయలేదు. టేపును వేళ్ళకు చుడుతూ, "ఆ పొద్దు నలభై మూడని చెప్తే నేనేం చేసేదాన్నో ఎరుకేనా నీకు?" అంది.

"ఏడ్చేదానివి."

"అవ్. ఏడ్చేదాన్ని. బాగ ఏడ్చి, ఇంత అన్నం తిని పండుకునేదాన్ని. తెల్లారి నీ దగ్గరికొచ్చి డోలక్ నేర్చుకునేదాన్ని."

ఫ్లోరెన్స్ మిషను బల్ల పట్టుకుంది. ఆ పిల్ల ఏడుపు దాకానే ఆలోచించింది తను. ఏడుపు తర్వాత ఏముంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. తను ఏడ్చింది, తిన్నది, పడుకున్నది, డోలక్ వాయించింది, మిషను నేర్చుకున్నది, నలభై ఏళ్ళు దాటి బతికే ఉంది. నలభై ఆరు అని పిలిచినా బతికింది. ఆ పాటి బతుకు కూడా సోమ్లికి దక్కనీయకుండా చేసింది.

"కొత్త జాకెట్టు కుట్టు" అని సోమ్లి గోడ పట్టుకుని లేచింది. చేతులు పక్కలకు చాపి నిలబడింది. "నీ చేత్తోనే కొలువు. పైకి చదువు."

బెంచీ మీద ఆడవాళ్ళు క్యాలెండరు వైపు తిరిగారు. ఫ్లోరెన్స్ టేపు చుట్టింది. ఇంతకుముందు రెండు చేతులూ చాచి చుట్టవలసి వచ్చేది, ఇప్పుడు మోచేతులు చాచకుండానే టేపు కొసలు కలిశాయి. అంకె చూసింది. అలవాటు కొద్దీ నెమ్మదిగానే చదివింది.

"ముప్పై నాలుగు."

"ఇనపడలే."

"ముప్పై నాలుగు" అంది మళ్ళీ, వీధిలోకి వినపడేటట్టు.

"మెల్లగ తిను, మళ్ళ ఒళ్ళు పట్టాలె అన్నది డాక్టరమ్మ. లోపల బట్ట బాగ వదులు" అంది సోమ్లి. "నలభై మూడు దాక వదులు. విప్పేటప్పుడు మాత్రం నాకు చెప్పి విప్పు."